చిక్కుపరచే ప్రశ్న, తలుపు తీసే ప్రశ్న



ఈసారి మీతో ఒక రేడియో మనిషిని గూర్చి మాట్లాడాలని ఉంది. ఆయన ప్రసంగీకుడు కాదు. విశ్వాసి కూడా కాదు. దేవుడున్నాడో లేడో తేల్చుకోలేనివాడినని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు. అయినప్పటికీ సంఘాలలో మాట్లాడేవారు, ముఖ్యంగా మైకు దొరికితే వదలనివారు, ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఒకటి ఉంది. నలభై ఐదు సంవత్సరాలు ఆయన మైకు ముందు కూర్చున్నది తన మాట వినిపించడానికి కాదు, ఎదుటివారిని అడగడానికి.

ఆయన పేరు స్టడ్స్ టెర్కెల్, ఊరు అమెరికాలోని షికాగో. అక్కడ డబ్ల్యు.ఎఫ్.ఎం.టి. అనే రేడియో స్టేషన్ ఉంది. ఎక్కువగా శాస్త్రీయ సంగీతం వినిపించే స్టేషన్ అది. అందులో 1952 నుండి 1997 వరకు ఆయన కార్యక్రమం నడిచింది. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక గంట. రచయితలు, గాయకులు, నటులు, తత్వవేత్తలు, పౌరహక్కుల నాయకులు ఒక్కొక్కరుగా వచ్చి ఆయన ఎదుట కూర్చుని తాము చేసే పనిని గూర్చి మాట్లాడారు. అలా నిలిచిన కార్యక్రమాలు 5000కు పైగా ఉన్నాయి. బెర్ట్రాండ్ రస్సెల్, సిమోన్ ద బోవా, జేమ్స్ బాల్డ్విన్, మార్టిన్ లూథర్ కింగ్, ఇంకా కుర్రవాడిగా ఉన్న బాబ్ డిలన్, టోనీ మారిసన్ వీరిలో కొందరు మాత్రమే.

ఇంతమందిని మాట్లాడించిన మనిషికి ఆ విద్య ఎక్కడ అబ్బింది? కాలేజీలో కాదు. ఆయన 1912లో న్యూయార్కులో పుట్టారు. తల్లిదండ్రులు రష్యా వైపు నుండి వలస వచ్చిన యూదులు, తండ్రి దర్జీ. పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం షికాగో చేరింది. అక్కడ వారు అద్దె గదుల ఇల్లు, తరువాత ఒక చిన్న హోటలు నడిపారు. పని చేసేవారు, పని పోయినవారు, ముసలివారు, ఒంటరివారు అక్కడ దిగేవారు. సాయంత్రం హోటలు ముందు గదిలో కూర్చుని వారు వాదించుకుంటుంటే ఈ పిల్లవాడు వినేవాడు. తరువాత 1934లో న్యాయశాస్త్రంలో పట్టా తీసుకున్నారు గాని, కోర్టులో ఒక్కరోజు కూడా వాదించలేదు. రేడియో నాటకాలలో రౌడీ వేషాలు వేశారు. అసలు పేరు లూయీ. ఆ రోజుల్లో పేరున్న ఒక నవలలోని షికాగో కుర్రవాడి పేరు "స్టడ్స్" స్నేహితులు తగిలిస్తే, అదే నిలిచిపోయింది.

ఇక్కడ ఆ కాలాన్ని గూర్చి ఒక మాట చెప్పాలి. అది తెలియకపోతే ఆయన పని విలువ మనకు అందదు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో కమ్యూనిస్టులంటే పెద్ద భయం పట్టుకుంది. చట్టసభ కమిటీలు మనుషులను పిలిచి ఒకే ప్రశ్న అడిగేవి: నీవు ఇప్పుడు గాని, మునుపెప్పుడైనా గాని ఆ పార్టీలో సభ్యుడివా? "అవును" అంటే ఉద్యోగం పోతుంది, తోటివారి పేర్లు కూడా చెప్పమంటారు. జవాబు చెప్పను అంటే అనుమానం, దానితోపాటు ఉద్యోగమూ పోతుంది. సినిమాలలో, రేడియోలో, టెలివిజన్‌లో ఎందరో ఇలా పని పోగొట్టుకున్నారు. టెర్కెల్‌కు అప్పుడు టెలివిజన్‌లో ఒక కార్యక్రమం ఉండేది. నల్లవారిని వేరుచేసే చట్టాలు పోవాలని, ఇంటి అద్దెలు అదుపులో ఉండాలని కోరే విన్నపాలపై ఆయన సంతకాలు చేశారు. ఆ సంతకాలు బయటికి తీశారు. తెలియక మోసపోయి సంతకం పెట్టాను అని ఒక్క మాట చెప్పు, సరిపోతుంది అన్నారు. ఆయన చెప్పలేదు. 1950ల మొదట్లో ఆ కార్యక్రమం పోయింది, ఆ తరువాత చాలాకాలం పెద్ద సంస్థల తలుపులు ఆయనకు మూసుకుపోయాయి.

గమనించారా? ఆ కమిటీ వేసింది కూడా ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నకు జవాబు అక్కరలేదు, మనిషి చిక్కితే చాలు. సువార్తలు చదివేవారికి ఈ రకం ప్రశ్న క్రొత్త కాదు. కైసరుకు పన్ను ఇవ్వవచ్చునా కూడదా అని ప్రభువును అడిగినవారికి పన్నుల సంగతి తెలుసుకోవాలని లేదు. ఆయనను మాటలలో చిక్కుపరచాలని వారు ముందే ఆలోచన చేసి వచ్చారని మత్తయి 22వ అధ్యాయంలో స్పష్టంగా ఉన్నది. అదే ప్రభువు యెరికో త్రోవలో గ్రుడ్డివాడైన బర్తిమయిని నిలిపి, నీకేమి కావాలి అని అడిగాడు. వాడికి ఏమి కావాలో చుట్టూ ఉన్నవారందరికీ తెలుసు. అయినా వాడి నోటినుండి వచ్చేవరకు ప్రభువు ఆగాడు.

మొదటి రకం ప్రశ్న వల్ల బ్రతుకుతెరువు పోగొట్టుకున్న టెర్కెల్ తన మిగిలిన జీవితమంతా రెండవ రకం ప్రశ్నలు అడుగుతూ గడిపారు. ఆయన పని అంతటిలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే.

ఆ రోజులనాటి ఒక సంగతి మన పాఠకులు తప్పక వినాలి. షికాగోలోనే మహలియా జాక్సన్ అనే సువార్త గాయని ఉండేది. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి, పదహారేళ్ల ప్రాయంలో షికాగోకు వచ్చి, బాప్టిస్టు సంఘంలో పాడుతూ పెరిగిన మనిషి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో డాక్టర్ కింగ్ తన పేరుపొందిన ప్రసంగం చేయడానికి ముందు పాడిన గాయని ఈమెయే. ఆమె రికార్డులను తెల్లవారి రేడియోలో మొదట వినిపించిన కొద్దిమందిలో టెర్కెల్ ఒకరు. నన్ను స్టడ్సే కనిపెట్టాడని ఆమె వేళాకోళం చేస్తే, ఆయన ఒప్పుకునేవారు కారు. నల్లవారి సంఘాలన్నిటికీ ఆమె అప్పటికే తెలుసునని, తెలియనిది తనవంటి వారికేనని అనేవారు.

1954లో సి.బి.ఎస్. అనే పెద్ద రేడియో సంస్థ మహలియాకు వారం వారం ఒక కార్యక్రమం ఇచ్చింది. దానికి మాటలు వ్రాసేది, సభను నడిపేది టెర్కెల్. ఒక రోజు రిహార్సల్ జరుగుతుండగా సంస్థ మనిషి ఒకడు కాగితం పట్టుకుని వచ్చాడు. దేశానికి విధేయుడనని ప్రమాణం చేసే కాగితం అది. టెర్కెల్ సంతకం చేయనన్నారు. ఇద్దరికీ మాట పెరిగింది. మహలియా వచ్చి సంగతి అడిగింది. నీవు సంతకం పెడతావా అని స్టడ్స్‌ను అడిగింది. పెట్టను అన్నారు. అయితే రా, రిహార్సల్ చేద్దాం అన్నది. ఆ వచ్చినవాడు మళ్లీ అడ్డుపడితే, స్టడ్స్‌ను తీసేస్తే ఇంకొక మహలియాను వెదుక్కోమని మీ పైవారికి చెప్పు అని పంపివేసింది. ఆ తరువాత ఏమీ జరగలేదు, కార్యక్రమం నడిచింది. ఈ సంగతి టెర్కెల్ తాను ముసలివాడయ్యేవరకు చెబుతూనే ఉన్నారు. ఇంతమంది విద్యావంతులు భయపడి ఊరుకున్న చోట, బడి చదువు సగంలో మానిన ఒక సంఘపు గాయని నిలబడిందని చెప్పేటప్పుడు ఆయన ఉప్పొంగిపోయేవారు. ఆమెకు పోయేది తక్కువేమీ కాదు. దేశమంతా వినే రేడియోలో ఒక నల్లజాతి స్త్రీకి సొంత కార్యక్రమం దొరకడం ఆ రోజుల్లో ఎంత అరుదో ఆలోచించండి.

ఇప్పుడు ఆయన పనిలోకి వద్దాం. ఒక రచయితను గంటసేపు మాట్లాడించడం ఎలా?

మొట్టమొదట, పుస్తకం చదవాలి. ఇది చెప్పడానికి సిగ్గుపడేంత చిన్న సంగతి. కానీ రేడియోలో, టెలివిజన్‌లో రచయితలను ప్రశ్నించే చాలామంది చేయని పని ఇదే. ప్రచురణకర్తలు పుస్తకంతోపాటు ఒక కాగితం పంపుతారు. అందులో సారాంశం, అడగదగిన ప్రశ్నలు అన్నీ ఉంటాయి. అది చూసుకుని కార్యక్రమం నడిపించవచ్చు. టెర్కెల్ పుస్తకమంతా చదివేవారు. గీతలు గీసి, అంచులలో వ్రాసుకుని, నలిగిపోయిన ఆ ప్రతిని బల్లమీద పెట్టేవారు. దాన్ని చూడగానే రచయితకు అర్థమైపోయేది, ఈ మనిషి నా పుస్తకంతో కొన్ని రాత్రులు గడిపాడని. అందులోనుండి ఒక పేరా తానే పైకి చదివి, ఇక్కడ మీరు ఏమనుకుంటూ వ్రాశారు అని అడిగేవారు. మన సభలలో సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ముఖ్య అతిథి వేదిక మెట్లు ఎక్కుతుండగా "అయ్యగారూ, మీ పూర్తి పేరు ఏమన్నారండీ?" అని చెవిలో అడగడం మనందరం చూచినదే.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు ఏమి చేశాడో ఒకసారి చూడండి. ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు. ఫిలిప్పు పరుగెత్తి దగ్గరకు వెళ్లాడు. అతడు ఏమి చదువుతున్నాడో విన్నాడు. అటుతరువాతే అడిగాడు. పరుగు, వినడం, అడగడం. ఈ వరుస తప్పలేదు.

జేమ్స్ బాల్డ్విన్ కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. ఆయన న్యూయార్కులోని హార్లెంలో పుట్టిన నల్లజాతి రచయిత. పెంచిన తండ్రి బోధకుడు. తాను కూడా 14వ ఏట నుండి సుమారు మూడేళ్లు పెంతెకొస్తు సంఘంలో ప్రసంగాలు చేసి, తరువాత ప్రసంగపీఠాన్నీ సంఘాన్నీ విడిచిపెట్టారు. 1953లో వచ్చిన ఆయన మొదటి నవలలో ఉన్నది ఆ సంఘజీవితమే. 1961లో ఆయన క్రొత్త వ్యాసాల పుస్తకం వెలువడినప్పుడు టెర్కెల్ స్టూడియోకు వచ్చారు. వేరెవరైనా అయితే "మీ క్రొత్త పుస్తకం గురించి మా శ్రోతలకు చెప్పండి" అని మొదలుపెట్టేవారు. టెర్కెల్ ఒక పాత గ్రామఫోను పాట పెట్టారు. బెస్సీ స్మిత్ అనే నల్లజాతి గాయని, వరదలో ఇల్లు మునిగిన దుఃఖాన్ని పాడిన పాట. అది అయ్యాక, ఇది వింటుంటే మీకేమనిపిస్తోంది అని అడిగారు.

ఎందుకా పాట? ఆ క్రొత్త పుస్తకంలోనే ఒక వ్యాసంలో బాల్డ్విన్ ఒక సంగతి వ్రాశారు. తాను స్విట్జర్లాండు కొండల్లోని ఒక పల్లెకు వెళ్లి మొదటి నవల పూర్తిచేసుకున్నప్పుడు, వెంట తీసుకువెళ్లినవి ఒక టైపురైటరు, బెస్సీ స్మిత్ రికార్డులు. అమెరికాలో ఉన్నన్నాళ్లు సిగ్గుపడి వినని ఆ పాటలు అక్కడి మంచు మధ్య వింటుంటే, చిన్ననాడు తమవారు మాట్లాడిన మాట, దాని తీరు మళ్లీ చెవికి వచ్చిందట. టెర్కెల్ ఆ పేజీ చదివారు గనుకనే ఆ రికార్డు వెదికి తెచ్చారు. ఇక పుస్తకం గురించి చెప్పండి అని అడగనక్కరలేకపోయింది. బాల్డ్విన్ నేరుగా ఆ సిగ్గును గూర్చి, తన జనుల బాధను గూర్చి మాట్లాడసాగారు. సంఘాన్ని విడిచి వెళ్లిన యౌవనస్థుల తల్లిదండ్రులు మన మధ్య చాలామంది ఉన్నారు. వారు ఈ సంభాషణ వినగలిగితే బాగుండునని నాకు అనిపిస్తుంది. "ఎందుకు మానేశావు?" అని బాల్డ్విన్‌ను ఎవరైనా నిలదీసి ఉంటే ఆ మాటలలో ఒక్కటీ బయటికి వచ్చేది కాదు.

నిజం చెప్పాలంటే టెర్కెల్ మౌనముని ఏమీ కాదు. ఆ టేపులు వింటే తెలుస్తుంది. ఉత్సాహం పట్టలేక మధ్యలో దూరతారు, అతిథి సగం చెప్పిన వాక్యాన్ని తానే పూర్తిచేస్తారు. అది నాకు లోపంగానే కనిపిస్తుంది. అయితే ఆ దూరడంలో తన గొప్ప చెప్పుకోవడం ఉండదు, మీరు చెప్పింది నాకు అందింది అన్న సంతోషమే ఉంటుంది. ఆ తేడా శ్రోత చెవికి వెంటనే తెలిసిపోతుంది.

యంత్రాలంటే ఆయనకు భయం. కారు నడపడం ఎన్నడూ నేర్చుకోలేదు, బస్సులోనే తిరిగేవారు. టేపు రికార్డరు పెట్టుకుని బ్రతికిన మనిషికి ఆ రికార్డరు సరిగ్గా వాడడం రాదు. ఏదో ఒక మీట తప్పు నొక్కి, గొప్ప నాట్యకారిణి మార్థా గ్రాహంతో మాట్లాడినదంతా పోగొట్టుకున్నారు. నటుడు మైకేల్ రెడ్‌గ్రేవ్‌ది కూడా పోయింది. రస్సెల్‌ది త్రుటిలో దక్కింది. కానీ ఈ చేతకానితనమే తనకు మేలు చేసిందని ఆయన అనేవారు. సామాన్యుల ఇళ్లకు వెళ్లినప్పుడు "అయ్యా, మీ చక్రం తిరగడం లేదు" అని ఇంటివారే చూపించేవారట. పెద్ద రేడియో ఆయన వచ్చాడన్న బెదురు అంతటితో పోయేది. సాయం చేసినవారు వారయ్యారు, పుచ్చుకున్నవాడు ఈయన.

అవును, ఆయన సామాన్యుల ఇళ్లకు కూడా వెళ్లారు. 1960లలో ఒక ప్రచురణకర్త ప్రోద్బలంతో, రేడియోలో రచయితలను అడిగినట్లే వీధిలోని మనుషులను అడిగి పుస్తకాలు చేయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పేవారు. బీదల కోసం కట్టిన ఇళ్లలో ఉండే ఒక తల్లితో మాట్లాడుతున్నారు. చుట్టూ పిల్లలు ఎగురుతున్నారు, అమ్మ గొంతు యంత్రంలో వినాలని వారి గోల. టేపు వెనక్కి త్రిప్పి వినిపించారు. తన మాటలు తానే విన్న ఆ తల్లి నోటిమీద చేయి వేసుకుని, నాలో ఇటువంటి తలంపు ఉందని నాకే తెలియదే అన్నదట. ఆ మనిషిని అంతకు ముందు ఎవరూ అడగలేదు. అందుకే తన మనసులో ఉన్నది తానైనా ఎన్నడూ వినలేదు.

ఈ పుస్తకాలలో "వర్కింగ్" అనేది 1974లో వచ్చింది. హోటలులో వడ్డించే స్త్రీ, సమాధులు త్రవ్వేవాడు, రాతిపని మేస్త్రీ, టెలిఫోను ఆపరేటరు, మంటలు ఆర్పేవాడు, ఇలా వందమందికి పైగా తాము రోజంతా ఏమి చేస్తారో, దాన్ని గూర్చి ఏమనుకుంటారో చెప్పారు. అచ్చులో ఆయన తన ప్రశ్నలను చాలావరకు తీసివేసి, వారి మాటలనే కూర్చి పెట్టారు. మరొక పుస్తకానికి, రెండవ ప్రపంచ యుద్ధాన్ని చూచినవారి మాటలతో చేసినదానికి, 1985లో పులిట్జర్ బహుమానం వచ్చింది.

"వర్కింగ్" మొదట్లోనే ఒక ఉక్కు కర్మాగారపు కూలీ మాట ఉంది. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనం వంటి దానికి ఒక ప్రక్కన, పైనుండి క్రిందివరకు అడుగు వెడల్పున ఒక పట్టీ ఉండాలట. దానిమీద ఇటుకలు పేర్చినవారు, కరెంటు పని చేసినవారు, అందరి పేర్లూ ఉండాలట. తన కుమారుడిని తీసుకువెళ్లి, ఇన్నవ అంతస్తులో ఆ దూలం పెట్టింది నేనే అని చూపించుకోవాలని అతని కోరిక. మన దేవాలయాల గోడమీద శిలాఫలకాలు చదివారా? శంకుస్థాపన చేసినవారు, ప్రతిష్ఠించినవారు, చందా ఇచ్చిన దాతలు ఉంటారు. తాపీమేస్త్రీ పేరు ఎక్కడైనా చూచారా? నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చాలామంది దాటవేసే అధ్యాయం. చదివితే పేర్లే పేర్లు. కానీ అది ఆ కూలీ కోరిన పట్టీయే. యెరూషలేము గోడలో ఏ ముక్కను ఎవరు బాగుచేశారో వరుసగా వ్రాసి ఉంది. అందులో కంసాలులు ఉన్నారు, సుగంధద్రవ్యాలు కలిపేవాడు ఉన్నాడు, షల్లూముతో కలిసి పనిచేసిన అతని కుమార్తెలు ఉన్నారు.

పాఠకులారా, ఇది మన సంఘంలో చేయలేని పని కాదు. సాక్ష్యాల సమయంలో ఒకే అచ్చులో పోసినట్టు వచ్చే మాటలు మనకు కంఠతా వచ్చు. చెప్పేవారిని తప్పుపట్టలేము, వారిని ఎవరూ ఇంకేమీ అడగలేదు. స్త్రీల సమాజంలో గాని యౌవనస్థుల కూడికలో గాని నెలకు ఒక్కసారి పదిహేను నిమిషాలు పెట్టి చూడండి. బట్టలు కుట్టే అక్కను, ఆటో నడిపే తమ్ముడిని, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సును కూర్చోబెట్టండి. నీ పని ఎలా మొదలవుతుంది, ఏ గంటలో కష్టం, ఎప్పుడు ప్రార్థన వస్తుంది, ఎప్పుడు రాదు అని అడగండి. ముందు రోజు వారి దుకాణానికి వెళ్లి కాసేపు కూర్చుని రండి. టెర్కెల్ పుస్తకం చదవడం అంటే మనకు అదే. జవాబు మధ్యలో వాక్యం చెప్పి సరిదిద్దవద్దు. అవతలివారు ఆగినప్పుడు మీరు కూడా కొంచెం ఆగండి. రేడియోలో నాలుగు క్షణాల నిశ్శబ్దం చాలా పెద్దదిగా ఉంటుంది, కంగారుపడి ఇంకొక ప్రశ్న వేసేస్తారు. అసలు మాట తరచుగా ఆ నిశ్శబ్దం తరువాతే వస్తుంది.

టెర్కెల్ భార్య ఐడా 1999లో మరణించారు. వారిది అరవై ఏళ్ల కాపురం. ఆ దుఃఖంలో కూడా ఆయన చేసిన పని అడగడమే. వైద్యులు, పాస్టర్లు, మంటలు ఆర్పేవారు, పిల్లలను పోగొట్టుకున్నవారు, ఇటువంటి మనుషుల దగ్గరకు వెళ్లి మరణాన్ని గూర్చి, దాని అవతల ఏమున్నదని వారు నమ్ముతారో దాన్ని గూర్చి అడిగారు. ఆ పుస్తకం 2001లో వచ్చింది. దాని పేరు ఒక పాత క్రైస్తవ కీర్తన నుండి తీసుకున్నది. నమ్మలేని మనిషి నమ్మినవారిని అడిగిన తీరు అందులో చూడవచ్చు. ఎగతాళి లేదు, వాదన లేదు. అప్పటికే ఆయనకు వినికిడి బాగా తగ్గిపోయింది. ఎదుటివారి ముఖానికి దగ్గరగా వంగి వినవలసి వచ్చేది. 2008 అక్టోబరు 31న, 96వ ఏట, షికాగోలోనే కన్నుమూశారు. ఆయన టేపులను శుభ్రంచేసి, 2018 నుండి ఎవరైనా ఇంటర్నెట్‌లో వినేలా తెరిచారు. బాల్డ్విన్‌తో మాట్లాడిన గంట అందులో ఉంది. మొదట బెస్సీ స్మిత్ పాట వస్తుంది.